బీచ్‌కి వెళ్ళే ముందు ఇది చదువు

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వేదో నల్ల ఫిల్టరు కొన్నావనీ, వచ్చే ఆదివారం తెల్లవారకముందే మన చెన్నై బెసెంట్ నగర్ బీచ్‌కి ఒక్కదానివే వెళ్ళి, అలలన్నీ మంచుపొగలా కనపడేలా ఫోటోలు తీస్తానంటున్నావనీ చెప్పింది. "నాకేం తెలుసన్నయ్యా, దానికి నువ్వే చెప్పు" అని పెట్టేసింది. ఆ తర్వాత నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

రెండేళ్ళ కిందటిదాకా కెమెరాను ఆటో మోడ్‌లో పెట్టి నొక్కేదానివి. గుడి మెట్ల మీద పావురాలను తీసి, "రెక్కలెందుకు చెదిరిపోయాయి మామయ్యా" అని ముఖం ముడుచుకుని అడిగావు. ఇప్పుడు కావాలనే నీళ్ళను చెదరనిచ్చి తీసేదాకా వచ్చావు. నాకెంత గర్వంగా ఉందో ఎదురుగా ఉంటే నీ నెత్తిన చెయ్యి పెట్టి చెప్పేవాణ్ణి.

ముందు పని సంగతులు. ఫ్రేము చూసుకుని, ఫోకస్ చేసి, మాన్యువల్‌లోకి మార్చాకే ఫిల్టరు బిగించు. బిగించాక కళ్ళకేమీ ఆనదు. 10 స్టాపుల ఫిల్టరంటే వెలుతురు పదిసార్లు సగమై వెయ్యోవంతుకు పడిపోతుంది. సెకనులో 30వ వంతు చాలే చోట షట్టరు అర నిమిషం పైనే తెరిచి ఉంచాలి. వెలుతురును పట్టే శక్తి, అదే ఐఎస్ఓ, 100లో ఉంచు. చేతి వణుకును సరిచేసే స్టెబిలైజేషన్ ఆపెయ్యి. వేలితో నొక్కకు, 2 సెకన్ల టైమరు పెట్టు. వ్యూఫైండరు మీద గుడ్డ కప్పు, వెనక నుంచి వెలుతురు దూరుతుంది. ఏసీ గదిలో ఉన్న కెమెరాను వెళ్ళగానే బ్యాగులోంచి తియ్యకు. మన ఊరి ఉక్కకు అద్దమంతా ఆవిరి పడుతుంది, ఓ అరగంట ఆగు. బీచ్‌లో లెన్సు మార్చొద్దు. ఇంటికొచ్చాక మంచినీళ్ళలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో కెమెరానీ, ట్రైపాడ్ కాళ్ళనీ తుడువు. ఇవన్నీ నీకు తెలిసే ఉంటాయి.

తడి ఇసుకలో మాత్రం ట్రైపాడ్ పెట్టొద్దు. నేను పెట్టాను.

1984. నాకు 24, మీ అమ్మకు 11. అప్పుడు అడయారులో ఉండేవాళ్ళం. ఆఫీసులో స్నేహితుడొకడు బర్మా బజార్లో కొన్న పెంటాక్స్ కె1000 కెమెరాని రెండు రోజులకని బతిమాలి తెచ్చుకున్నాను. ఫిల్ము ఊటీలో హిందూస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ళు చేసే ఇందు, బ్లాక్ అండ్ వైట్. ఇలాంటి ఫిల్టర్లు కొనే స్తోమత లేదు. సూర్యుడు రాకముందు మసక వెలుతురులో నొక్కినంతసేపూ తెరుచుకుని ఉండేలా షట్టరును 'బి' మీద పెట్టి, కేబుల్ రిలీజ్ తీగ నొక్కిపట్టి, 30 లెక్కపెట్టి వదలడమే. ఆ లెక్క కోసమని మీ అమ్మను సైకిల్ క్యారియర్ మీద ఎక్కించుకుని తీసుకెళ్ళాను. టార్చి వెలుగులో నా గడియారం చూస్తూ పైకి లెక్కపెట్టడం తన పని.

అక్కడ ఇసుకలో తెల్లటి కట్టడం ఉంది చూడు, దాని ముందు నురుగంతా పాలలా పరుచుకోవాలని నా కోరిక. అందుకని సముద్రానికి వీపు పెట్టి, నీళ్ళు వచ్చిపోయే చోట ట్రైపాడ్ నిలబెట్టాను. వెనక్కి పోయే ప్రతి అలా దాని కాళ్ళ కింది ఇసుకను కొంచెం కొంచెం కోసుకుపోతుంది. వేలెడు దిగబడేదాకా మనకు తెలియదు. మీ అమ్మ ఒక చేత్తో పావడా ఎత్తిపట్టుకుని, ఇంకో చేత్తో టార్చి పట్టుకుని నా పక్కనే నిలబడింది. పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై... ఇరవై రెండు దగ్గర గొంతు ఆగిపోయింది.

వెనక నుంచి నడుమెత్తు అల వచ్చింది. ట్రైపాడ్ ఒరగడం చూశాను. మీ అమ్మ పడిపోవడమూ చూశాను. రెండూ చూశాను బుజ్జీ. నా చేతులు ముందు కెమెరా మీదికి వెళ్ళాయి.

దాన్ని గుండెకు అదుముకుని తిరిగేసరికి ఇసుకలో టార్చి ఒక్కటే వెలుగుతోంది. ఊరూర్ ఆల్కాట్ కుప్పం జాలరి ఒకాయన, అక్కడే వల సర్దుకుంటున్నవాడు, పరుగెత్తుకొచ్చి నీళ్ళలోకి దూకి మీ అమ్మను జడ పట్టుకుని బయటికి లాగాడు. ఒడ్డున పడుకోబెట్టి, నా చేతిలోది చూసి, పిల్ల ముఖ్యమా పెట్టె ముఖ్యమా అని తమిళంలో అరిచాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆ కట్టడం కార్ల్ ష్మిట్ అనే డెన్మార్క్ ఆయన జ్ఞాపకార్థం కట్టింది. 1930 డిసెంబరులో అక్కడ మునిగిపోతున్నవాళ్ళను కాపాడబోయి ఆయనే మునిగిపోయాడు. సరిగ్గా దాని ఎదుట నిలబడి నేను చేసిన పని అది.

ఇంటికెళ్ళాక ఎవరూ అడగకముందే మీ అమ్మ, "నేనే ఆడుకుంటూ నీళ్ళలోకి వెళ్ళాను" అంది. మా అమ్మ మీ అమ్మ వీపు మీద రెండు వేసింది. నేను గుమ్మం దగ్గర నిలబడి చూస్తూ ఉన్నాను, నోరు విప్పలేదు. కెమెరా కూడా దక్కలేదు. ఉప్పునీళ్ళు దిగి వారంలోపే షట్టరు బిగుసుకుపోయింది. స్నేహితుడి బాకీ జీతంలోంచి నెలనెలా కట్టాను. అది తీరింది.

ఇన్నేళ్ళలో మీ అమ్మ ఒక్కసారి కూడా ఈ మాట ఎత్తలేదు.

ఒక్కదానివే వెళ్తానన్నావట, బుద్ధుందా నీకు? వెళ్ళగానే కెమెరా తియ్యకుండా పది నిమిషాలు అలలు చూడు. అన్నిటికన్నా పైకొచ్చిన అల ఇసుక మీద గీత వదులుతుంది. దానికి బాగా ఇవతల, పొడి ఇసుకలో ట్రైపాడ్ పెట్టు. దూరమైతే జూమ్ చేసుకో. అమావాస్యకీ పౌర్ణమికీ నీళ్ళు ఇంకా పైకొస్తాయి. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో అయితే ఆ ఊసే ఎత్తకు. సముద్రానికి వీపు చూపించకు. ట్రైపాడ్ పడిపోతే పడిపోనీ, చెయ్యి చాచకు. ఆ కెమెరాకి ఇంకా ఈఎంఐలు కడుతున్నావని తెలుసు. పోతే అవి నేను కడతాను, కొత్తదీ కొనిస్తాను తల్లీ.

ఆదివారం నాలుగున్నరకి మీ గేటు ముందు ఉంటాను. నీ సెట్టింగుల జోలికి రాను. నీ వెనక, సముద్రం వైపు తిరిగి నిలబడతాను, అంతే.

పొద్దున మీ అమ్మకు ఫోన్ చేసి ఈ ఉత్తరం ఇక్కడిదాకా చదివి వినిపించాను. మధ్యలో ఏమీ మాట్లాడలేదు. అయిపోయాక, "ఇరవై రెండు కాదన్నయ్యా, ఇరవై ఆరు. ఇంకో నాలుగే ఉన్నాయి" అంది. తనూ వస్తుందట. ఫ్లాస్కులో కాఫీ తెస్తానంది.

నీ
మామయ్య