ముఖానికి సున్నం కొట్టినట్టు వస్తోంది, ఏ రంగు కొనాలి?

ప్రశ్న: పెన్సిల్‌తో ముఖాలు బాగానే వేస్తాను, పోలిక కూడా కుదురుతుంది. ఆయిల్ పెయింట్ పట్టుకునేసరికి మాత్రం చర్మం సున్నం కొట్టినట్టు పాలిపోతోంది, నీడలు బురదగా వస్తున్నాయి. పాతకాలపు పోర్ట్రెయిట్లలా రావాలంటే ఏ స్కిన్ కలర్ ట్యూబ్ కొనాలి?

జవాబు: ఏదీ కొనకండి. వెలుగు కావాలంటే తెలుపు, నీడ కావాలంటే నలుపు కలుపుకుంటూ పోతున్నారని మీ వర్ణన చూస్తేనే తెలుస్తోంది. తెలుపు కలిపితే రంగు లేతబడటమే కాదు, అందులోని వెచ్చదనం కూడా పోతుంది, ఆ సున్నం అక్కడిదే. పైగా ముఖమంతా ఒకే రంగు ఉండదు కదా, చెవులూ ముక్కు కొనా బుగ్గలూ ఎర్రగా ఉంటాయి, నుదురు అంత ఎర్రగా ఉండదు.

కొన్నాళ్లు రంగుల సంగతి పక్కన పెట్టి, బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ రంగు) ఒక్కటే కాన్వాస్ మీద పల్చగా పూసి, వెలుగు పడే చోటల్లా గుడ్డతో తుడుస్తూ ముఖం తేల్చండి. కళ్లు సగం మూసి చూస్తే వివరాలు పోయి వెలుగునీడలే మిగులుతాయి, అవి కుదరకపోతే పైన ఎంత మంచి రంగు వేసినా దండగే. అంబర్ త్వరగా ఆరుతుంది. ఆరాక తెలుపు, ఎల్లో ఆకర్ (మట్టి పసుపు), వెర్మిలియన్ (ఎరుపు), ఐవరీ బ్లాక్ (నలుపు), ఈ నాలుగింటితోనే మొదలుపెట్టండి. స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ (1860–1920) పేరుతో చెప్పుకునే పాలెట్, అంటే రంగుల జట్టు, ఇదే. ఐవరీ బ్లాక్‌లో తెలుపు కలిపితే వచ్చే బూడిద రంగు, ఎరుపు పసుపుల పక్కన నీలంగా కనిపిస్తుంది, నీలం ట్యూబ్ లేని లోటే తెలియదు!

అందరూ పప్పులో కాలేసేది కంటి దగ్గర. తెల్లగుడ్డును తెల్లగా వేస్తే బొమ్మ ఉలిక్కిపడ్డట్టుంటుంది. పైరెప్ప నీడ పడేది దాని మీదే కాబట్టి అక్కడ బూడిద రంగే వేయండి, తెలుపు కనుపాప మీది మెరుపు చుక్కకు దాచుకోండి.

ప్రశ్న: హెయిర్ డ్రయ్యర్ పెడితే త్వరగా ఆరుతుందా? పగుళ్లు రాకుండా ఏం చేయాలి?

జవాబు: డ్రయ్యర్‌తో లాభం లేదు. ఈ రంగుల్లోని నూనె నీళ్లలా ఆవిరైపోదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది, టైమ్ ఇవ్వాల్సిందే. కింది పొరలో నూనె తక్కువ, పైపొరల్లో ఎక్కువ ఉండేలా చూసుకుంటే పగుళ్ల టెన్షన్ చాలావరకు తగ్గుతుంది. బొమ్మ పైన పూసే మామూలు వార్నిష్‌కు ఆరు నెలల నుంచి ఏడాది ఆగడం పాత పద్ధతి. అన్నట్టు, ఆయిల్ పెయింట్లలో ఎక్కువగా ఉండే అవిసె నూనె అంటిన గుడ్డలు ఉండచుట్టి పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది, విడివిడిగా పరిచి ఆరనివ్వండి.