ఉంగరపు వేలు కదిపితే చిటికెన వేలూ లేచిపోతోంది. గిటార్ కోసం వేళ్లు సాగదీసే ఎక్సర్‌సైజులు ఏవి చేయాలి?

సాగదీయడం కొన్నాళ్లు పక్కన పెట్టండి. మీరు చెప్పినదాన్ని బట్టి మీ వేళ్లు తీగ వదిలాక మరీ ఎత్తుకి లేస్తున్నాయి. ముందు చూసుకోవాల్సింది అదే.

నేను నేర్చుకునే రోజుల్లో మా గురువుగారిని సరిగ్గా ఇదే అడిగాను. ఆయన గిటార్ పక్కన పెట్టించి, ఎడమచెయ్యి బల్ల మీద బోర్లా పెట్టమన్నారు. మధ్యవేలు లోపలికి మడిచి, మిగతా వేళ్లు చాపి ఉంచాలి. "చూపుడు వేలు లేపు" అన్నారు. లేచింది. చిటికెన వేలు కూడా లేచింది. "ఇప్పుడు ఉంగరపు వేలు." భుజం దాకా బిగుసుకుపోయింది గానీ ఆ వేలు మాత్రం బల్లను వదల్లేదు. అప్పుడాయన తన చెయ్యి కూడా అలాగే పెట్టి చూపించారు. దశాబ్దాలుగా వాయిస్తున్న ఆ చేతిలోనూ ఉంగరపు వేలు లేవలేదు! "నాకూ ఇంతే. దాన్ని పైకి లేపడం ఎందుకు? తీగ వదిలాక ఎంత దగ్గరలో ఆపగలవో చూడు" అన్నారు. మీరూ ఇప్పుడే బల్ల మీద చేసి చూడండి.

వేళ్లను పైకి లేపే కండరాలు ముంజేతిలో ఉంటాయి. వాటి టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు) చేతి వెనకగా వేళ్లలోకి వెళ్తాయి. మధ్య, ఉంగరపు, చిటికెన వేళ్ల టెండన్లను కలుపుతూ అడ్డంగా పట్టీలు ఉంటాయి. చూపుడు వేలికీ చిటికెన వేలికీ విడిగా మరో కండరం ఉంది, ఉంగరపు వేలికి అది లేదు. ఎన్నేళ్లు సాధన చేసినా ఆ పట్టీలు తెగవు, తెగనక్కర్లేదు కూడా.

నేను చెప్పే ఎక్సర్‌సైజు ఒక్కటే. ఏడో ఫ్రెట్ (గిటార్ మెడ మీద లోహపు గీతల మధ్య ఉండే గడి) దగ్గర మొదలుపెట్టండి. మూడో తీగ మీద 7 నుంచి 10 దాకా నాలుగు వేళ్లూ వరసగా ఆనించండి. మిగతా మూడు వేళ్లూ కదలకుండా, చిటికెన వేలిని మాత్రం రెండో తీగ మీదికి తీసుకెళ్లి వెనక్కి తెండి. తర్వాత ఉంగరపు వేలితో అదే చేయండి. ఇది చాలా నెమ్మదిగా చేయాలి, మెట్రోనోమ్ అక్కర్లేదు. గట్టిగా నొక్కకండి, తీగను తాకితే చాలు. ఇది కుదిరాక 1-2-3-4 వరసలు పట్టుకోండి (చూపుడు వేలు 1, చిటికెన వేలు 4). నాలుగు వేళ్లతో 24 వరసలు వస్తాయి. అందరూ 1-2-3-4, 4-3-2-1 వాయించి ఆగిపోతారు. 3, 4 వేళ్లు పక్కపక్కన వచ్చేవి వాటిలో సగం, అసలు కష్టం అక్కడే ఉంటుంది. 2-4-3-1 లాంటివి వెతికి మరీ చేయండి.

ఏడో ఫ్రెట్ అని ఎందుకన్నానంటే, 650 మిల్లీమీటర్ల స్కేల్ (మోగే తీగ పొడవు) ఉన్న క్లాసికల్ గిటార్‌లో మొదటి ఫ్రెట్ వెడల్పు దాదాపు 36 మిల్లీమీటర్లు, ఏడోది 26. నాలుగు వేళ్లు పరిచేసరికి ఆ తేడా చాలా పెద్దది. ఏడు దగ్గర హాయిగా వచ్చాక ఆరుకి, తర్వాత అయిదుకి దిగండి. ఒక్క ఫ్రెట్ దిగడానికి వారాలు పట్టినా ఫర్వాలేదు. మొదటి పాఠంలోనే ఫస్ట్ ఫ్రెట్ మీద నాలుగు వేళ్లూ పరిపించి స్పీడ్ పెంచమనే వీడియోలు చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. అవి చూసి ఎంతమంది గిటార్ మూలన పెట్టేశారో!

పిడికిట్లో పట్టి నొక్కే స్ప్రింగ్ గ్రిప్పర్లు కూడా కొనకండి. గ్రిప్పర్ నాలుగు వేళ్లనీ ఒకేసారి ముడవడం నేర్పుతుంది, మీకు కావలసింది అందుకు పూర్తి వ్యతిరేకం. సంగీతకారుడు రాబర్ట్ షూమాన్ 1830ల మొదట్లో వేళ్ల సాధన కోసం ఒక పరికరం వాడాడు. కుడిచెయ్యి దెబ్బతిని పియానో కచేరీల ఆశ వదులుకున్నాడు. కారణం మీద వాదనలున్నాయి గానీ నా అనుమానం ఆ పరికరం మీదే.

"నీ చేతులు చిన్నవి" అనేవాళ్ల మాట అసలు పట్టించుకోకండి. జాజ్ గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్‌కి 1928లో అగ్నిప్రమాదంలో ఎడమచేతి ఉంగరపు, చిటికెన వేళ్లు దాదాపు పనికిరాకుండా పోయాయి. ఆ తర్వాత ఆయన సోలోలు ఎక్కువగా రెండు వేళ్లతోనే వాయించాడు. చిటికెన వేలు అందకపోతే చెయ్యి సైజు కంటే ముందు బొటనవేలు చూడండి. అది నెక్ పైకి ఎక్కి ఉంటే నెక్ వెనక మధ్యకి దించండి, మణికట్టు మరీ వంచకండి. అప్పటికప్పుడే ఇంకాస్త అందుతుంది. తీగలు మరీ ఎత్తులో ఉంటే గిటార్ సెటప్ చేయించుకోండి. అంత ఎత్తు తీగల మీద ఏ వేలూ మాట వినదు.

ముంజెయ్యి కొంచెం అలసినట్టు ఉంటే మామూలే. మణికట్టులో నొప్పి గానీ వేళ్లలో తిమ్మిరి గానీ వస్తే వెంటనే ఆపేయండి. రెండు మూడు రోజుల విరామం తర్వాత కూడా అలాగే ఉంటే డాక్టరుకి చూపించాకే మళ్లీ గిటార్ పట్టుకోండి.