ఎఫ్‌సీ గడువు తీరిన లారీతో ప్రమాదం జరిగితే నష్టపరిహారం ఎవరు కట్టాలి?

ప్రశ్న: మాది హిందూపురం. చాలా ఏళ్లుగా బెంగళూరు కె.ఆర్. పురంలో ఉంటూ ఒక ఆరు చక్రాల లారీ మీద బతుకుతున్నాము. బండికి తొమ్మిదేళ్లు నిండాయి. పోయిన నెల హొసకోటె దగ్గర రాంగ్ సైడులో వచ్చిన స్కూటర్ మా లారీకి తగిలి, దాని మీదున్న యువకుడి కాలు విరిగింది. లారీ నడిపింది నా మేనల్లుడు. అతనికి హెవీ లైసెన్సు ఉంది. బండికి ఇన్సూరెన్సు, పర్మిట్ ఉన్నాయి. ఎఫ్‌సీ (బండి రోడ్డెక్కడానికి యోగ్యమని ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్) గడువు మాత్రం ప్రమాదానికి మూడు వారాల ముందే తీరిపోయింది. ఆ కారణంతో బీమా కంపెనీ తమకు బాధ్యత లేదని ఉత్తరం పంపింది. పాత తేదీతో ఎఫ్‌సీ తెప్పిస్తానని ఒక ఏజెంటు అంటున్నాడు. తప్పు అవతలి వ్యక్తిదైనప్పుడు, ఒక కాగితం లేదన్నందుకు మేమెందుకు కట్టాలి? మేనల్లుడి మీద కేసు నిలుస్తుందా?

జవాబు: ముందుగా ఏజెంటు సంగతి చెబుతాను, ఎందుకంటే మిగతా సమస్యలన్నిటికీ కోర్టులో ఏదో ఒక దారి ఉంటుంది గాని దీనికి ఉండదు. ఎఫ్‌సీ వివరాలు ఇప్పుడు వాహన్ అనే ప్రభుత్వ కంప్యూటర్ రికార్డులో నమోదవుతాయి. బండిని ఏ తేదీన పరీక్షించారో, సర్టిఫికెట్ ఏ తేదీ వరకు చెల్లుతుందో బీమా కంపెనీ తరఫు న్యాయవాది ఆ రికార్డు నుంచే ప్రమాద పరిహారం కేసులు విచారించే ట్రిబ్యునల్ ముందుకు తెప్పిస్తారు. దానికి భిన్నమైన తేదీతో మీరు కాగితం దాఖలు చేస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 336 కింద ఫోర్జరీ, సెక్షన్ 340 కింద నకిలీ పత్రాన్ని అసలుదిగా వాడిన నేరం మీ మెడకు చుట్టుకుంటాయి. డబ్బుతో తీరే వివాదాన్ని జైలు దాకా తీసుకుపోవద్దు. ఆ ఏజెంటుతో మాటలు ఈ రోజే ఆపేయండి.

ఇక ఎఫ్‌సీని మీరు ఒక కాగితం అన్నారు. చట్టం దాన్ని అలా చూడదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 56 ప్రకారం, చెల్లుబాటయ్యే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ లేని రవాణా వాహనానికి సెక్షన్ 39 కింద సరైన రిజిస్ట్రేషన్ ఉన్నట్టే లెక్క కాదు. అంటే గడువు తీరిన మరుసటి రోజు నుంచి మీ లారీ, ఆర్‌సీ చేతిలో ఉన్నా, చట్టం దృష్టిలో రిజిస్ట్రేషన్ లేని బండి కిందకే వస్తుంది. అలాంటి బండిని నడిపినందుకు, నడపనిచ్చినందుకు సెక్షన్ 192 కింద మొదటిసారి 2,000 నుంచి 5,000 రూపాయల వరకు జరిమానా పడుతుంది. సెక్షన్ 207 కింద బండిని నిలిపివేసే అధికారం కూడా అధికారులకు ఉంది. ఎనిమిదేళ్ల లోపు బండ్లకు రెండేళ్లకొకసారి, ఎనిమిదేళ్లు దాటినవాటికి ఏటా ఎఫ్‌సీ చేయించాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 62వ నిబంధన చెబుతోంది. బండి ఎనిమిదేళ్లు దాటిన సంవత్సరంలోనే చాలామంది యజమానులు పాత అలవాటు కొద్దీ రెండేళ్లు ఉందనుకుని గడువు దాటవేస్తుంటారు.

బీమా కంపెనీ ఉత్తరానికి వద్దాము. అది సగమే నిజం. ఎఫ్‌సీ లేకపోవడం పాలసీ షరతులకు మౌలిక ఉల్లంఘన అవుతుందని కేరళ హైకోర్టు ఫుల్ బెంచ్ (ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం) 2018లో తేల్చింది. అయితే కేరళ తీర్పుకు కర్ణాటకలోని ట్రిబ్యునల్ కట్టుబడి తీరాలని లేదు కాబట్టి, ఇది మౌలిక ఉల్లంఘన కాదని వాదించే అవకాశం మీకు పూర్తిగా పోలేదు. ఉల్లంఘన రుజువైనా సరే, గాయపడిన మూడో వ్యక్తికి బీమా కంపెనీయే ముందు పరిహారం చెల్లించి, తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోవాలని కర్ణాటక హైకోర్టు ఫుల్ బెంచ్ 2020లో చెప్పింది. కనుక ఆ యువకుడిని రోడ్డున వదిలేసి తప్పుకోవడం కంపెనీకి కుదరదు. కాని చివరికి ఆ డబ్బు మీ ఇంటి మీదకే వచ్చే ప్రమాదం ఉంది, అదీ మళ్లీ కొత్తగా దావా వేయకుండా అదే ట్రిబ్యునల్ ద్వారా. మీ లారీకి జరిగిన నష్టం విషయంలో అయితే మీ వాదన ఇంకా బలహీనం. తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు తీరిన వాహనానికి ప్రమాదం జరిగితే సొంత నష్టం క్లెయిమ్ చెల్లదని సుప్రీం కోర్టు 2014లో తీర్పు ఇచ్చింది. సెక్షన్ 56 కారణంగా ఆ తీర్పును మీ మీద ప్రయోగిస్తారు.

తప్పు అవతలి వ్యక్తిదన్న మాటకు విలువ ఉంది. సెక్షన్ 166 కింద దరఖాస్తు వేస్తే మీ డ్రైవరు నిర్లక్ష్యం ఉందని వారే చూపాలి. ఇద్దరి తప్పూ ఉందని తేలితే ఆ యువకుడి తప్పు వంతు మేరకు పరిహారం తగ్గుతుంది. ఎఫ్‌సీ లేనంత మాత్రాన డ్రైవరు నిర్లక్ష్యంగా నడిపినట్టు కాదు. కాని ఆ యువకుడే సెక్షన్ 164 కింద వస్తే మీ వైపు తప్పును రుజువు చేయనక్కరలేదు. తీవ్ర గాయానికి 2,50,000 రూపాయలు ఆ సెక్షన్‌లోనే నిర్ణయించారు. కాలు విరగడం తీవ్ర గాయమే.

ఇక్కడే అసలు విషయం ఉంది. బ్రేకులు సరిగా ఉన్నాయా లేదా అన్న ప్రశ్న ట్రిబ్యునల్‌లో తప్పక వస్తుంది. యాంత్రిక లోపం వల్ల ప్రమాదం జరిగిందని చెప్పుకునే యజమాని, తాను తీసుకోవలసిన జాగ్రత్తలన్నీ తీసుకున్నా ఆ లోపం కనిపించకుండా ఉండిపోయిందని తానే రుజువు చేయాలని సుప్రీం కోర్టు 1977లోనే చెప్పింది. చెల్లుబాటయ్యే ఎఫ్‌సీ ఉన్న యజమానికి ఆ రుజువులో కొంత భాగం చేతిలో ఉంటుంది. మీకు అది లేదు. రోజూ తోలే డ్రైవరుకు బ్రేకు కొద్దికొద్దిగా అరిగిపోవడం తెలియదు. అతని కాలు దానికి అలవాటు పడి, రోజురోజుకూ కొంచెం ముందుగా తొక్కడం మొదలుపెడుతుంది. బండి బాగానే ఉందని అతను నిజాయితీగానే అంటాడు. రోలర్ల మీద బండిని నిలిపి ఒక్కో చక్రం బ్రేకు బలాన్ని విడిగా కొలిచినప్పుడే ఎడమ చక్రానికి, కుడి చక్రానికి ఉన్న తేడా బయటపడుతుంది. నిండు లోడుతో తడి రోడ్డు మీద లారీ ఒక పక్కకు లాగడానికి ఆ తేడా చాలు. అందుకే ఈ తనిఖీని యజమాని ఇష్టానికి వదలకుండా చట్టం తప్పనిసరి చేసింది.

ఎఫ్‌సీ రోజున టైర్లు, స్పీడ్ గవర్నరు అద్దెకు తెచ్చి బిగించి, మర్నాడు విప్పేసే అలవాటు మన లారీ, బస్సు యజమానుల్లో కొందరికి ఉంది. సర్టిఫికెట్ చేతిలో ఉన్నా, లోపమున్న బండిని రోడ్డెక్కిస్తే సెక్షన్ 190 వర్తిస్తుంది. ఆ లోపం వల్ల ఎవరికైనా గాయమైతే మూడు నెలల వరకు జైలు గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. 2013 అక్టోబరు 30న బెంగళూరు నుంచి హైదరాబాదు వెళ్తున్న బస్సు మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర కల్వర్టును ఢీకొని కాలిపోయి 45 మంది చనిపోయారు. ఈ దారిలో రాత్రి బస్సెక్కే ప్రతి తెలుగు కుటుంబానికీ తెలిసిన సంగతి ఇది. బస్సుల్లో అత్యవసర ద్వారం తెరుచుకుంటుందా, మంటలార్పే పరికరం పనిచేస్తుందా అని చూసే తనిఖీని లాంఛనంగా భావించే వారితో నేను ఎప్పటికీ ఏకీభవించలేను.

మీ మేనల్లుడి మీద సాధారణంగా భారతీయ న్యాయ సంహిత సెక్షన్లు 281 (నిర్లక్ష్యంగా బండి నడపడం), 125 (నిర్లక్ష్యంతో ఇతరుల ప్రాణానికి ముప్పు తేవడం) కింద కేసు నమోదవుతుంది. ఇవి బెయిలు దొరికే నేరాలే. ఎఫ్‌సీ లేకపోవడం అతనికి ఆ సెక్షన్ల కింద శిక్ష పడడానికి కారణం కాదు. అతను ఎలా నడిపాడన్నదే ప్రశ్న.

ఇప్పుడు చేయవలసినవి చెబుతాను. ప్రమాదం తర్వాత మోటారు వాహనాల చట్టం సెక్షన్ 136 కింద మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు, మన వైపు వాళ్లు బ్రేకు ఇన్‌స్పెక్టరు అనే అధికారి, లారీని పరీక్షించి రిపోర్టు ఇచ్చి ఉంటారు. దాని నకలు తీసుకోండి. అందులో యాంత్రిక లోపం లేదని ఉంటే మీకు అంతకు మించిన ఆధారం లేదు. గత రెండేళ్ల మెకానిక్ బిల్లులు, బ్రేకు లైనింగు, టైర్లు కొన్న రసీదులు, ఎఫ్‌సీ స్లాట్ కోసం ప్రయత్నించిన ఆధారాలు ఒకచోట పెట్టండి. ప్రమాద స్థలంలో ఏ దుకాణానికైనా సీసీ కెమెరా ఉంటే ఆ దృశ్యాలు చెరిగిపోకముందే భద్రపరచమని పోలీసులను రాతపూర్వకంగా కోరండి. బీమా కంపెనీ ఉత్తరానికి న్యాయవాది ద్వారా జవాబు పంపండి. కొత్త ఎఫ్‌సీ వచ్చేవరకు లారీని లోడుకు పంపకండి. ట్రిబ్యునల్ నుంచి సమన్లు వస్తే, కంపెనీ చూసుకుంటుందిలే అని ఇంట్లో కూర్చోకుండా తప్పక హాజరై మీ జవాబు దాఖలు చేయండి. యజమాని రాకపోతే ఎక్స్‌పార్టీగా, అంటే అతను లేకుండానే, విచారణ సాగుతుంది, అప్పుడు ఈ ఆధారాలేవీ రికార్డులోకి రావు.