వాలీబాల్‌లో దసరాకు బ్లాక్ (నెట్ దగ్గర అడ్డంగా లేచిన చేతులు) మీది నుంచి కొట్టిన స్మాషర్ సంక్రాంతికి నెట్‌కే కొడుతున్నాడు, రన్నింగ్ పెంచాలా?

వద్దు. ఉరికించడమే సగం జబ్బు. వాలీబాల్ ర్యాలీ మామూలుగా పది సెకన్లు దాటదు. పొద్దున్నే హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో రౌండ్లు కొట్టించి, సాయంత్రం గాల్లోకి లేవమంటే కాళ్లల్లో ఏం మిగులుతుంది? మన దిక్కు కోచ్‌లకు ఈ పిచ్చి ఎప్పుడు పోతుందో!

అసలు సంగతేందంటే, మ్యాచ్‌లు మొదలవగానే బరువులు ఎత్తడం బంద్ పెడతారు. ఎగరడం మాత్రం రోజూ ఉంటుంది. నెల తిరిగేసరికి బలం తగ్గుతుంది, అలసట పేరుకుంటుంది. వారానికి ఒక్కసారైనా స్క్వాట్ (భుజాల మీద బరువుతో గుంజీలు) ఉండాలి: ఎత్తగలిగే గరిష్ఠ బరువులో 80–85 శాతం, నాలుగేసి చొప్పున మూడు సెట్లు, మ్యాచ్‌కు 48 గంటల ముందే. కాళ్లు పట్టేస్తాయని భయపడతారు గానీ, పట్టేసేది మానేసి మళ్లీ మొదలుపెట్టినోళ్లకే.

అనుమానముంటే గోడ, చాక్‌పీసు చాలు. రెస్ట్ రోజు మర్నాడు గోడకు పక్కగా నిలబడి చెయ్యి చాపి ఒక గీత, ఉన్నచోటే ఎగిరి ఇంకో గీత. రెండు గీతల మధ్య దూరం చూసి, మూడుసార్లలో ఎక్కువొచ్చింది రాసుకోండి. రెండు వారాలు వరుసగా నాలుగైదు సెంటీమీటర్లు తగ్గితే ప్రాక్టీసులో స్మాష్‌లు సగానికి కోయండి. బదులుగా రిసీవింగ్ (సర్వీసు అందుకోవడం) చేయించండి.

ఊరి టోర్నమెంట్ల సంగతి వేరే. రాత్రి ఎనిమిదికి లీగ్, పదకొండుకు క్వార్టర్స్, ఒంటిగంటకు సెమీస్. గట్టి మొరం నేల, పైన చలి. మధ్యలో పిల్లలు శాలువా కప్పుకొని కుర్చీల్లో కూలబడతారు, పిలవగానే అట్లనే కోర్టులోకి వస్తారు. సెమీస్ మూడో సెట్లో మిడిల్ బ్లాకర్‌ను, అంటే నెట్ నడుమ అడ్డుకునేవాణ్ని చూడండి. రెండు కాళ్ల మీద దిగేవాడు ఒంటికాలి మీద దిగుతాడు, మోకాలు లోపలికి వాలుతుంది, బంతిని తల పైన కాకుండా చెవి పక్కన కొడతాడు. భుజం పట్టేది అప్పుడే. ప్రతి మ్యాచ్‌కూ ముందు పది నిమిషాలు మళ్లీ ఒళ్లు వేడెక్కించాల్సిందే. నిర్వాహకులకు మాత్రం ట్రోఫీ సైజు మీదే ధ్యాస.

మోకాలిచిప్ప కింద నొప్పి వార్మప్‌తో తగ్గి, మర్నాడు మెట్లెక్కుతుంటే మళ్లీ వస్తే అది ఎగిరి ఎగిరి స్నాయువు దెబ్బతిన్న గుర్తు. స్ప్రే కొట్టి ఆడించొద్దు. ఎగరడం తగ్గించి, 45 సెకన్ల చొప్పున ఐదుసార్లు గోడకుర్చీ వేయించండి, మధ్యలో రెండు నిమిషాలు ఆగుతూ. వాపొచ్చినా, మోకాలు ఇరుక్కుపోయినట్టున్నా డాక్టర్ దగ్గరికే.