వలయాలు, వంపులు, అరచేతులు: క్రీడా చిహ్నాలపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి ఉత్తరాలన్నీ అంతర్జాతీయ క్రీడోత్సవాల చిహ్నాల మీదే. ఒకే ప్రశ్న పలువురు అడిగినచోట కలిపి జవాబిచ్చాం.

ప్రశ్న: ఒలింపిక్ రింగుల్లో నీలం యూరప్, పసుపు ఆసియా, నలుపు ఆఫ్రికా, ఆకుపచ్చ ఆస్ట్రేలియా, ఎరుపు అమెరికా అని బడిలో చదివాం. పోటీ పరీక్షల పుస్తకాల్లోనూ అదే ఉంది. అది తప్పని ఇప్పుడు అంటున్నారు. ఏది నిజం?

ఐదు వలయాలు ఐదు ఖండాలకు గుర్తు అన్నంతవరకు నిజం. ఏ రంగు ఏ ఖండానిది అన్న పంపకం మాత్రం చిహ్నం గీసినాయన చేసింది కాదు.

ఆయన ఆధునిక ఒలింపిక్స్‌కు ఆద్యుడైన పియరీ డి కూబర్టిన్. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌కు తొలిసారి ఐదు ఖండాల క్రీడాకారులూ వచ్చారు. మరుసటి ఏడాది, 1913లో, ఆయన ఈ చిహ్నాన్ని గీశారు. ఆ ఆగస్టులో ఒలింపిక్ పత్రికలో దాని వివరణా రాశారు. అందులో ఆయన లెక్కపెట్టింది ఐదు రంగులు కాదు, ఆరు. వెనకాల ఉన్న తెలుపునూ కలిపారు. ఈ ఆరింటితో అప్పటి దేశాల జెండాలన్నీ తయారవుతాయన్నది ఆయన మాట. స్వీడన్ నీలం–పసుపు, గ్రీసు నీలం–తెలుపు, స్పెయిన్ పసుపు–ఎరుపు అంటూ ఉదాహరణలూ ఇచ్చారు. స్వీడన్, స్పెయిన్ రెండూ యూరప్‌లోనివే. పసుపు ఆసియాకు మాత్రమే చెందినదైతే ఆ వివరణే నిలవదు.

మరి ఖండాల పంపకం ఎక్కడి నుంచి వచ్చింది? ఒకప్పుడు అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ (ఐఓసీ) సొంత కైపుస్తకంలోనే ఉండేది. కూబర్టిన్ ఉద్దేశం అదేననడానికి ఆధారం లేదని 1951లో దాన్ని తీసేశారు. పుస్తకంలోంచి పోయినా పాఠాల్లోంచి పోలేదు. పరీక్షలో ఏ రంగు ఏ ఖండానికని నేరుగా అడిగితే కీలో ఉన్నదే రాసి మార్కు తెచ్చుకోండి. వ్యాసం రాసేటప్పుడు మాత్రం, 'ఐదు ఖండాల కలయిక. రంగులు, తెలుపుతో కలిపి, అన్ని దేశాల జెండాలవి' అని రాయండి.

ఈ జెండాను 1914లో పారిస్ మహాసభలో ఆమోదించారు. 1916 క్రీడలు యుద్ధం వల్ల జరగలేదు. అందుకని ఒలింపిక్స్‌లో అది తొలిసారి ఎగిరింది 1920లో, ఆంట్‌వెర్ప్‌లో.

ప్రశ్న: చిహ్నాల చరిత్ర మీద ప్రదర్శన పెడుతున్నాం. మీటరు వెడల్పు, అర మీటరు ఎత్తు బోర్డు మీద రింగులు చేత్తో వేయాలి. ఎప్పుడు వేసినా గొలుసులా కాక ఒకదానిమీద ఒకటి పడేసిన గాజుల్లా కనిపిస్తున్నాయి. ఎక్కడ తప్పుతోంది?

అల్లికలో. కొలతలు కుదిరాక దాని సంగతి చూద్దాం.

బోర్డుకు తెల్ల రంగు రెండు పూతలు వేసి ఆరనివ్వండి. పై అంచు నుంచి 19.5 సెంటీమీటర్ల కింద ఒక అడ్డగీత, దానికి 11 సెంటీమీటర్ల కింద, అంటే పై నుంచి 30.5 దగ్గర, ఇంకో అడ్డగీత పెన్సిల్‌తో గీయండి. పై గీత మీద ఎడమ అంచు నుంచి 24, 50, 76 సెంటీమీటర్ల దగ్గర మూడు కేంద్రాలు. కింది గీత మీద 37, 63 దగ్గర రెండు. ప్రతి కేంద్రం నుంచి 10 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో ఒకటి, 12తో ఒకటి, రెండు వృత్తాలు గీస్తే 2 సెంటీమీటర్ల మందమున్న రింగు వస్తుంది. ఒకే వరసలోని రెండు రింగుల మధ్య ఖాళీ కూడా సరిగ్గా 2 సెంటీమీటర్లే రావాలి. రాలేదంటే ఏదో కేంద్రం జరిగిందన్నమాట. రంగు ముట్టకముందే సరిచేసుకోండి. ఇవి చేతిపనికి వీలైన కొలతలు. అచ్చువేసే పనికైతే అధికారిక ఫైలు తప్ప వేరేది వాడకూడదు.

పై వరసలో ఎడమ నుంచి నీలం, నలుపు, ఎరుపు. కింద పసుపు, ఆకుపచ్చ. పసుపు, ఆకుపచ్చలను అటూఇటూ మార్చేయడం మామూలుగా జరిగే పొరపాటు. స్టెన్సిల్ తిరగేసి పెడితే మొత్తం వరసే కుడిఎడమలై ఎరుపు ఎడమకు వస్తుంది.

ఇప్పుడు అల్లిక. కలుసుకునే జతలు నాలుగే: నీలం–పసుపు, పసుపు–నలుపు, నలుపు–ఆకుపచ్చ, ఆకుపచ్చ–ఎరుపు. పై వరస రింగులు ఒకదాన్నొకటి తాకవు, కింది రెండూ అంతే. ఒక్కో జత రెండుచోట్ల దాటుతుంది కాబట్టి మొత్తం ఎనిమిది దాట్లు. ప్రతి జతలో ఒక దాటు దగ్గర ఈ రింగు పైన ఉంటే, రెండోదాని దగ్గర ఆ రింగు పైన ఉండాలి. రెండుచోట్లా ఒకటే పైనుంటే ముడి పడదు. మీ బోర్డు మీద జరుగుతున్నది ఇదే. ఒక రింగు పూర్తిగా వేసి, ఆరాక దానిమీద ఇంకోటి పూర్తిగా వేస్తే గాజులే మిగులుతాయి.

కాబట్టి రంగుకు ముందే, అధికారిక బొమ్మను పక్కన పెట్టుకుని, ఎనిమిది దాట్ల దగ్గరా ఏది కిందికి పోతుందో చూసి, కిందికి పోయే గీతలను రబ్బరుతో చెరిపేయండి. పసుపు రింగు నెత్తిమీద మరీ జాగ్రత్త. దాని పైభాగంలో నీలం దాటు, నలుపు దాటు నాలుగు సెంటీమీటర్ల ఎడంలోనే పడతాయి. ఆకుపచ్చ నెత్తిమీదా నలుపు, ఎరుపులతో అదే ఇరుకు. చెయ్యి తడబడేది అక్కడే.

పసుపు ముదురు రంగులను కప్పలేదు గనక మొదట పసుపు, చివర నలుపు వేయండి. నీలం, పసుపు కలిసేచోట ఆకుపచ్చ వేసి గాజుపలక మీద పడ్డ నీడలా చూపించే ఉబలాటం కొందరికి ఉంటుంది. వద్దు. అది చిహ్నాన్ని మార్చడమే. దాటు దగ్గర తెల్ల సందు వదలాలా అని అడుగుతారు. 1986 నాటి ప్రమాణాల్లో అలా సందులున్న రూపం ఉండేది. 2010లో ఐఓసీ మళ్లీ సందుల్లేని అసలు అల్లికకే వచ్చింది.

ముదురు బోర్డు మీదైతే ఐదు రంగుల జోలికి పోకండి, నలుపు కనబడదు. రింగులన్నీ ఒకే రంగులో వేయడానికి ఒలింపిక్ చార్టర్ (ఐఓసీ నియమావళి) ఒప్పుకుంటుంది, తెల్లగా వేసేయండి.

ప్రశ్న: గ్రీసులోని డెల్ఫీలో ఈ రింగులు చెక్కిన ప్రాచీన శిల ఉందట కదా?

శిల ఉండటం నిజం, ప్రాచీనం కావడం అబద్ధం. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ జ్యోతి పరుగు కోసం, నిర్వాహక సంఘంలోని కార్ల్ డీమ్ పూనికతో చెక్కించింది అది. కార్యక్రమం అయ్యాక అక్కడే ఉండిపోయింది. తర్వాత ఇద్దరు అమెరికన్ రచయితలు దాన్ని చూసి వేల ఏళ్ల నాటిదనుకుని పుస్తకంలో రాసేశారు. ఇంకేముంది!

ప్రశ్న: పారాలింపిక్స్‌కు రింగులు ఎందుకు లేవు? ఆ మూడు వంపులేమిటి?

ఒకప్పుడు దాదాపు రింగుల్లాంటివే ఉండేవి. 1988 సియోల్ పారాలింపిక్స్‌కు కొరియా సంప్రదాయంలోని తేగుక్ ఆకారాలు, అంటే తోక తిరిగిన నీటిచుక్కల వంటివి, ఐదు తీసుకున్నారు. రంగులు ఒలింపిక్ రింగులవే, అమరిక కూడా అదే. చూసినవాళ్లు ఒకటే అనుకుంటారని ఐఓసీ అభ్యంతరం చెప్పింది. 1994లో ఐదింటిని మూడుకు తగ్గించారు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ. శరీరం, మనసు, ఆత్మ అని అర్థం చెప్పారు.

ఇప్పుడున్న వంపుల పేరు అజిటోస్. 2003లో ఎంపిక చేసి, 2004 ఏథెన్స్ ముగింపు వేడుకలో లోకానికి చూపించారు. 2019లో రంగులను కాస్త ప్రకాశవంతం చేశారు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ ఎందుకంటే జాతీయ జెండాల్లో విరివిగా కనిపించే రంగులవి. మూడు వంపులూ ఒక కేంద్రబిందువు చుట్టూ తిరుగుతున్నట్టు ఉంటాయి. ప్రపంచం నలుమూలల నుంచి క్రీడాకారులను ఒకచోటికి చేర్చడమని దానికి చెప్పే అర్థం. గమనించండి, ఒక్క వంపు కూడా మూసుకున్న గీత కాదు. రింగులు బంధాన్ని చూపిస్తే ఇవి కదలికను చూపిస్తాయి. అనుకరణ మానేశాకే పారాలింపిక్స్‌కు తనదైన గుర్తు దొరికిందని మా అభిప్రాయం.

ప్రశ్న: రింగులుండగా ఒక్కో ఒలింపిక్స్‌కు మళ్లీ వేరే లోగో ఎందుకు? వాటికీ అర్థాలుంటాయా?

రింగులు మొత్తం ఒలింపిక్ ఉద్యమానివి. లోగో ఆ ఏటి ఆతిథ్య నగరానిది. రింగులకు తోడు మరో ప్రత్యేక ఆకారం కలిపి తయారుచేసే ఈ బొమ్మకు నిబంధనలున్నాయి: మొత్తం బొమ్మలో రింగులు ఆక్రమించే చోటు మూడో వంతు మించకూడదు, రింగులు పూర్తిగా కనిపించాలి, వాటిని వంచడం, కత్తిరించడం కుదరదు. మస్కట్, అంటే క్రీడల ప్రచారానికి వాడే బొమ్మ పాత్ర, ఇంకో సంగతి. 1972 మ్యూనిక్‌లోని వాల్డీ అనే పొట్టికాళ్ల కుక్కపిల్ల తొలి అధికారిక ఒలింపిక్ మస్కట్.

అర్థాలంటారా, ఉంటాయి, కానీ అన్నీ ఒక్క తీరుగా పండవు. 1968 మెక్సికో లోగో ఇప్పటికీ పాఠంలా చూడదగ్గది. రింగుల వంపుల్లోంచే 6, 8 అంకెలు పుడతాయి. వాటి చుట్టూ సమాంతర రేఖలు అలల్లా విస్తరించి 'మెక్సికో' అన్న అక్షరాలవుతాయి. ఆ గీతల్లో అక్కడి హుయిచోల్ జనం కళ, గీతలతో కంటికి భ్రమ కలిగించే అప్పటి ఆప్ ఆర్ట్ రెండూ ఉన్నాయి. లాన్స్ వైమన్ దాని రూపశిల్పుల్లో ఒకరు. ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు, కంటికే తెలుస్తుంది.

టోక్యో 2020ది మరో దారి. మొదట ఎంచుకున్న లోగో మీద కాపీ ఆరోపణలు రావడంతో 2015లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. తర్వాత అసావో టోకోలో గీసినదాన్ని ఖాయం చేశారు. మూడు రకాల దీర్ఘచతురస్రాలు, మొత్తం 45, ముదురు నీలిమందు రంగు, జపాన్ పాతకాలపు గళ్ల నమూనా. అవే 45 ముక్కలను తిరగ అమర్చితే పారాలింపిక్స్ లోగో. రెంటి మధ్య హెచ్చుతగ్గులు లేవని ముక్కల లెక్కతోనే చెప్పడం గొప్ప ఆలోచన. పారిస్ 2024 ఇంకో అడుగు వేసి రెండు క్రీడలకూ ఒకే లోగో వాడింది. అందులో పతకం, జ్వాల, ఫ్రాన్స్ గణతంత్రానికి ప్రతీకైన మరియన్ ముఖం కలిసి ఉంటాయి.

ప్రశ్న: ఆసియా క్రీడల గుర్తులో సూర్యుడు సరే, డ్రాగన్, డేగ ఎందుకు వచ్చాయి?

1951లో ఢిల్లీలో మొదలైన ఈ క్రీడలకు మొదటినుంచీ గుర్తు 16 కిరణాల ఎర్రని సూర్యుడు, తోడుగా గొలుసుకట్టు వలయాలు. 2006 దోహా క్రీడల సమయంలో ఆసియా ఒలింపిక్ మండలి కొత్త చిహ్నం తెచ్చింది. తూర్పు ఆసియాకు డ్రాగన్, పశ్చిమ ఆసియాకు డేగ. సూర్యుణ్ణి మాత్రం ఉంచారు. మధ్యలో ఉన్న మన దక్షిణాసియాకు విడిగా ఏ ప్రాణీ దక్కలేదు, సూర్యుడే మనకు వాటా అనుకోవాలి.

ఆతిథ్య నగరాల లోగోలు వేరు. 1982 ఢిల్లీ లోగోలో జంతర్ మంతర్ కట్టడం కనిపిస్తుంది. అప్పూ ఏనుగు మస్కట్ మాత్రమే, లోగో కాదు. 2023లో జరిగిన హాంగ్‌జౌ క్రీడల లోగోలో విసనకర్ర, చియాన్‌తాంగ్ నది పోటు, పరుగుబాట, ఇంటర్నెట్ గుర్తు, సూర్యుడు అన్నీ ఉన్నాయట. బొమ్మ అందంగానే ఉంది. ఐదు అర్థాలు మాత్రం వివరణ చదివితేగానీ దొరకవు.

ప్రశ్న: అంతగా తెలియని పోటీల్లో మంచి చిహ్నాలు ఏవి?

మధ్యధరా క్రీడలది చూడండి. ఆసియా, ఆఫ్రికా, యూరప్‌లకు మూడు రింగులు. వాటి కిందిభాగం నీళ్లలో మునిగినట్టు అలలుగా విడిపోతుంది. సముద్రం పేరు రాయకుండానే సముద్రం కనిపిస్తుంది. బధిరుల ఒలింపిక్స్, అంటే డెఫ్లింపిక్స్, చిహ్నంలో సంజ్ఞాభాష చేతుల ఆకారాలు గుండ్రంగా అల్లుకుని, నడుమ కనుపాపలా తోస్తాయి. కళ్లతో లోకాన్ని పట్టుకునేవాళ్లని అర్థం. అందులోని ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ నాలుగు ప్రాంతీయ సమాఖ్యలవి. రంగుకో ప్రాంతం అన్నది ఇక్కడ నిజంగానే ఉంది!

ప్రశ్న: మా క్లబ్ పలు ఆటల పోటీలు పెడుతోంది. పోస్టరు మీద ఐదు రింగులు వేసుకోవచ్చా? లేదంటే సొంతంగా ఎలా తయారు చేసుకోవాలి?

వేసుకోకూడదు. రింగుల హక్కులు ఐఓసీవి. వాటి వ్యాపార వినియోగాన్ని అడ్డుకోవడానికి 1981లో నైరోబీ ఒప్పందమే కుదిరింది. రంగులు మార్చి, ఒక రింగు తగ్గించి, వాటి స్థానంలో బంతులో టైర్లో పెట్టి అదే అమరికలో వేసినా చిక్కే. సియోల్ నీటిచుక్కల కథ పైన చెప్పాం కదా.

సొంతంగా చేసేటప్పుడు ఒకే ఆలోచన తీసుకోండి, మహా అయితే రెండు. మొదట నలుపు–తెలుపుల్లోనే గీయండి. రంగు తీసేస్తే అర్థం పోయే బొమ్మ పతకం మీద చెక్కడానికి, రబ్బరు స్టాంపుకు పనికిరాదు. తర్వాత ఒకటిన్నర సెంటీమీటర్ల వెడల్పుకు తగ్గించి అచ్చు తీసి చూడండి. సన్న గీతలు, చిన్న అక్షరాలు అక్కడ అలుక్కుపోతాయి. టీషర్టు మీద కుట్టుపనిలోనూ అవే ముందు పోతాయి. పాల్గొనే జట్ల సంఖ్యను బొమ్మలో ఇరికించకండి. ఆగ్నేయాసియా క్రీడల సమాఖ్య ఆరుగురు వ్యవస్థాపక సభ్యులకు ఆరు రింగులు పెట్టుకుంది. సభ్యులు పెరిగేసరికి 1999లో పది చేయాల్సి వచ్చింది, 2011లో పదకొండు. ఏడాది అంకె వేయాలనుకుంటే బొమ్మలో కలపకుండా కింద విడిగా పెట్టండి, వచ్చే ఏడాది అదొక్కటే మార్చుకోవచ్చు.