ఉద్యోగం హైటెక్ సిటీలో, వెంట గుండె జబ్బున్న అమ్మ. హైదరాబాద్‌లో కోఠి, సుల్తాన్ బజార్ వైపు పాత ఇంట్లో అద్దెకు ఉంటే బండి లేకుండా గడుస్తుందా?

గడుస్తుంది. 2014 నుంచి 2021 దాకా ఏడేళ్లు మేము బడీచౌడీ వెనక ఒక సందులో, మొదటి అంతస్తులో ఉన్నాం. నేనూ, మా వారూ, మా మామగారూ. ఉన్న ఒక్క స్కూటర్‌ని మొదటి ఏడాదే అమ్మేశాం. దాన్ని రాత్రిపూట ఎక్కడ పెట్టాలన్నదే పెద్ద పని అయిపోయింది మరి.

హైటెక్ సిటీలో ఉద్యోగం అని రాశారు కాబట్టి ముందు ఆ సంగతి చెబుతాను. సుల్తాన్ బజార్ మెట్రో స్టేషన్ ఇంటి పక్కనే కనిపిస్తుంది కదా అని రోజూ అందులో ఎక్కకండి. అది జేబీఎస్ (జూబ్లీ బస్టాండ్), ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్టాండ్) మధ్య నడిచే లైను. అందులో వెళితే ఎంజీబీఎస్‌లో ఒకసారి, అమీర్‌పేటలో మరోసారి మారాలి. లేదంటే పరేడ్ గ్రౌండ్ మీదుగా చుట్టు తిరిగి పోవాలి. ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్ దాకా కాస్త నడిచి అక్కడ ఎక్కితే అమీర్‌పేటలో ఒక్కసారి మారితే చాలు. మా వారు చివరి రెండేళ్లు అలాగే వెళ్లారు. ఊళ్లకు పోవాలంటే ఎంజీబీఎస్ బస్టాండ్‌కు చేతిలో సంచితో నడిచి పోవచ్చు. కాచిగూడ రైల్వే స్టేషన్ కూడా సామాను లేకపోతే నడక దూరమే.

ఇక నడక సంగతి. విశాలమైన ఫుట్‌పాత్‌లు ఊహించుకుని వస్తే నిరాశ పడతారు. ఉన్న కాస్త ఫుట్‌పాత్ మీద గాజులు, హెయిర్ క్లిప్పులు, పిల్లల గౌన్లు పరిచి ఉంటాయి. మనం నడిచేది రోడ్డు మీదే. అయినా భయం వేయదు, ఎందుకంటే ఆ జనంలో ఆటో కూడా మన వెనక మన నడకతోనే రావాలి. హారన్ మోగిస్తాడు, ఎవరూ జరగరు, అతనూ నొచ్చుకోడు. ఇప్పుడు మేము ఊరి శివార్లలో నిజాంపేటలో ఉంటున్నాం. గేటు ముందు చక్కటి రోడ్డు ఉంది. దాన్ని దాటాలంటే చెయ్యెత్తి పరుగెత్తాలి.

అక్కడ ఉన్నన్నాళ్లూ మా ఫ్రిజ్ సగం ఖాళీగా ఉండేది. సాయంత్రం చెప్పులు వేసుకుని దిగితే బడీచౌడీ కూరగాయలు. పావుకిలో బెండకాయలు, రెండు కట్టల చుక్కకూర, అంతే. రేపటిది రేపు. రాత్రి తొమ్మిది దాటితే ఆకుకూరలు సగం ధరకే వచ్చేవి. కరివేపాకు కొసరు వేయకుండా ఆ కూరగాయలామె ఏ రోజూ సంచి ఇవ్వలేదు, నేను అడిగిందీ లేదు. బల్బు మాడిపోయినా, కుళాయి కారినా ట్రూప్ బజార్. సీసీ కెమెరా, వైర్లు అంటే గుజరాతీ గల్లీ. చెవి నొప్పి వస్తే ఈఎన్‌టీ ఆసుపత్రి కూడా కోఠిలోనే. పిల్లలకు పాత పాఠ్యపుస్తకాలు కావాలంటే మహిళా కళాశాల దగ్గరి దుకాణాలు. దాన్ని ఇప్పుడు చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం అనాలి, పాతవాళ్ల నోట మాత్రం ఇంకా ‘కోఠి ఉమెన్స్ కాలేజే’. ఆదివారమైతే ఇంకొంచెం ముందుకు పోయి ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు.

దుకాణం ఇంటికి దగ్గరగా ఉంటే ఏమవుతుందో ఒక సంగతి చెప్పాలి. మా ఆడపడుచు పెళ్లికి కొన్న చీర అటు చిలకపచ్చా కాదు, ఇటు నెమలిపచ్చా కాదు. జాకెట్టు ముక్క కోసం సాయంత్రం ఏడు గంటలకు మా సందు చివరి మ్యాచింగ్ సెంటర్‌కు వెళ్లాను. ఆ దుకాణం పెద్దాయన టూ బై టూ జాకెట్టు గుడ్డ తానులు ఒక్కొక్కటీ దించి, చీర కొంగు పక్కన పెట్టి, తల అడ్డంగా ఊపి పక్కకు తోస్తున్నాడు. నాకు అన్నీ ఒకేలా కనిపించాయి. ఒకటి చూపించి “ఇది సరిపోతుంది కదండీ” అన్నాను. “ట్యూబులైటు కింద అన్నీ సరిపోతాయమ్మా. ఇప్పుడు కోసి ఇస్తే రేపు మీరే తిట్టుకుంటూ వస్తారు. పదకొండింటికి రండి, ఎండలో చూద్దాం” అని తానులు సర్దేసుకున్నాడు. మరుసటి రోజు నాలుగు తానులు భుజాన వేసుకుని బయటికి వచ్చాడు. బజారు మీద మెట్రో వంతెన వచ్చాక దుకాణం ముందు ఎండ పడటం లేదట. సందు మలుపు దాకా నడిచి, అక్కడ చారెడు ఎండలో కొంగు పరిచి రంగు తేల్చాడు. రాత్రి నేను చూపించిన తాను ఆ ఎండలో బూడిద రంగులో కనిపించింది. ఊరికి ఆ చివర నుంచి వచ్చిన మనిషిని రేపు రమ్మని ఎవరూ అనలేరు. రెండు నిమిషాల దూరంలో ఉన్నామని తెలుసు కాబట్టే అన్నాడు.

ఆ మెట్రో వస్తే బజారే పోతుందని వ్యాపారులు ఏళ్ల తరబడి ఆందోళన చేశారు. 2020 ఫిబ్రవరిలో రైలు నడిచింది, బజారూ ఉంది. మధ్యలో పనులు జరిగినప్పటి దుమ్ము మాత్రం మా దుప్పట్లకు బాగా గుర్తు.

మా మామగారు రిటైర్డ్ తెలుగు మాస్టారు. నల్లగొండ వైపు ఊరు వదిలి రావడం ఆయనకు బొత్తిగా ఇష్టం లేదు. వచ్చిన నెలకు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం దొరికింది. 1901లో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు వంటివాళ్లు పెట్టిన గ్రంథాలయం అది. అప్పట్లో ఇవి రెసిడెన్సీ బజార్లు, నిజాం రాజ్యం నడిమధ్యన ఉన్నా అజమాయిషీ నిజాంది కాదు, ఆయన దగ్గర ఉండే బ్రిటిష్ ప్రతినిధి రెసిడెంటుది. తెలుగు గ్రంథాలయం ఈ వీధుల్లోనే పుట్టడానికి అదీ ఒక కారణమని ఆయన వచ్చినవాళ్లందరికీ పాఠం చెప్పేవారు. రోజూ కర్ర పట్టుకుని నడిచి వెళ్లి పేపర్లు చదివి, తనలాంటి మరో ముగ్గురితో వాదించి భోజనం వేళకు వచ్చేవారు. నిజాంపేటలో ఆయన పేపరు బాల్కనీలోనే చదువుకుంటారు. వాదించడానికి నేనొక్కదాన్నే మిగిలాను.

కష్టాలు కూడా చెప్పకపోతే తప్పవుతుంది. మాకు నల్లా రోజు విడిచి రోజు, అదీ తెల్లవారుజామున. సంపు చిన్నది కాబట్టి పండక్కి చుట్టాలు వస్తే బిందెలు వరుసగా పెట్టేదాన్ని. మెట్లు ఎంత ఇరుకంటే మా బీరువా పైకి ఎక్కలేదు. తాళ్లు కట్టి బాల్కనీ మీదుగా లాగారు, సందంతా నిలబడి సలహాలు ఇచ్చింది. రాత్రి పది దాకా బజారు చప్పుడు, తర్వాత షట్టర్ల చప్పుడు, ఆ తర్వాత సరుకు దించే ట్రాలీ ఆటోలు.

అన్నిటికన్నా పెద్దది 2017లో జరిగింది. వరలక్ష్మీ వ్రతం ముందు రోజు సాయంత్రం మామగారు మెట్ల మీద జారి తుంటి ఎముక విరిగింది. అంబులెన్సు పెద్ద రోడ్డు మీదే ఆగిపోయింది, సందులోకి సైకిల్ కూడా దూరని జనం. కింది లేసుల దుకాణంలో పనిచేసే నలుగురు కుర్రవాళ్లు ఆయన్ను గల్లా దగ్గరి చేతుల కుర్చీలో కూర్చోబెట్టి, ఎత్తుకుని మోశారు. ఒకడు ముందు నడుస్తూ “జరగండి, జరగండి” అని అరుస్తున్నాడు. నిండా పావుగంట పట్టింది. ఆ కుర్రవాళ్ల మేలు మరచిపోలేను, కానీ ఆ పావుగంటలో పోయేది ఎముక కాక గుండె అయితే ఏమయ్యేదన్న ఆలోచన ఇప్పటికీ వస్తుంది. మీ అమ్మగారికి గుండె జబ్బు ఉందని రాశారు. సందు లోపలి ఇల్లు తీసుకోకండి. రాంకోఠి వైపు వాహనం ఇంటి ముందుకు వచ్చే రోడ్డు మీద చూడండి. బజారుకు పది నిమిషాలు ఎక్కువ నడవాలి, అంతే.

మేము విసిగి వెళ్లిపోలేదు. ఇంటివారు ఆ అంతస్తును గోడౌన్‌కు ఇచ్చుకున్నారు. మేమిచ్చే అద్దెకు రెండింతలు వస్తుంటే వాళ్లను తప్పు పట్టలేం. ఆ సందులో పై అంతస్తులు చాలావరకు అట్టపెట్టెలతో నిండిపోతున్నాయి. కాబట్టి 11 నెలల అగ్రిమెంటుతో సరిపెట్టుకోకుండా, ఎన్నేళ్లు ఉండనిస్తారో ముందే అడగండి. ఇల్లు ఆదివారం పొద్దున చూడకండి, అప్పుడు ఆ వీధి ఎవరికైనా నచ్చుతుంది. శ్రావణ మాసంలో శనివారం సాయంత్రం ఏడింటికి అమ్మగారిని వెంటబెట్టుకుని నడిచి వెళ్లి చూడండి. మెట్లు ఆమెనే ముందు ఎక్కనివ్వండి.