ఉబుంటు ఇన్‌స్టాల్ చేసేటప్పుడే రెండు డిస్కుల మిర్రరింగ్

అన్నా, హన్మకొండలో మీ ఫొటో స్టూడియో సిస్టమ్‌కు రెండు 1 టీబీ డిస్కులు పెట్టినా, ఉబుంటు (విండోస్ లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) ఇన్‌స్టాలర్‌లో మిర్రరింగ్ ఆప్షన్, అంటే ఒకే డేటాను రెండు డిస్కుల్లోనూ రాసే పద్ధతి, కనబడలేదన్నారు. మీరు వాడింది డెస్క్‌టాప్ ఎడిషన్, అందులో సాఫ్ట్‌వేర్ రెయిడ్ (డిస్కులను కలిపి ఒకటిగా వాడే ఏర్పాటు) ఆప్షన్ ఉండదు. సర్వర్ ఎడిషన్‌లో ఉంటుంది. దాన్ని వేసుకొని, తర్వాత ఉబుంటు-డెస్క్‌టాప్ ప్యాకేజీ ఎక్కించుకోండి, మామూలు స్క్రీన్ వచ్చేస్తుంది.

ముందుగా డిస్కుల్లో ఉన్న ఫొటోలన్నీ వేరేచోటికి కాపీ చేసుకోండి. ఇన్‌స్టాలర్‌లో స్టోరేజ్ దగ్గర కస్టమ్ లేఅవుట్ ఎంచుకోండి. రెండు డిస్కులనూ బూట్ డివైస్‌గా పెట్టడం మాత్రం మరిచిపోవద్దు. చాలామంది ఒక్కదానికే పెడతారు. ఆ డిస్క్ పోయిన రోజు డేటా రెండోదాంట్లో భద్రంగానే ఉంటుంది కానీ సిస్టమ్ లేవదు. పెళ్లిళ్ల సీజన్‌లో ఆ టెన్షన్ మీకొద్దు. మిగిలిన ఖాళీలో రెండిట్లోనూ ఒకే సైజు పార్టిషన్ చేసి, ఫార్మాట్ చేయకుండా వదిలేయండి. ఆ రెండిటినీ కలిపి రెయిడ్ లెవెల్ 1 (అదే మిర్రరింగ్) సృష్టించి, దాని మీద ext4 ఫార్మాట్ పెట్టి రూట్‌గా (/, సిస్టమ్ అంతా ఉండే మూల ఫోల్డర్) మౌంట్ చేయండి. వాడుకోవడానికి వచ్చేది దాదాపు 1 టీబీయే, 2 కాదు.

ఇది బ్యాకప్ కాదన్నా. పొరపాటున ఆల్బమ్ డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోనూ అదే క్షణం పోతుంది. కస్టమర్ల ఫొటోలకు బయటి హార్డ్ డిస్క్ కచ్చితంగా పెట్టండి.

అంతా అయ్యాక సిస్టమ్ ఆఫ్ చేసి, ఒక డిస్క్ కేబుల్ తీసి బూట్ అవుతుందో చూడండి. తిరిగి కలిపాక అది సాధారణంగా తనంతట తాను చేరదు, రెయిడ్‌ను నడిపే mdadm (ఎండీఅడ్మ్) కమాండ్‌తో మళ్లీ చేర్చాలి.